గేరు గరగరలాడుచున్నదా? ట్రాక్టరు క్లచ్చి సర్దుబాటు

దమ్ము పనులు ముమ్మరముగా సాగు దినములలో ట్రాక్టరు మూలపడినచో నారు ముదిరిపోవును, కాలువ నీటి వంతు దాటిపోవును, బాడుగ ట్రాక్టరుకు అదనపు ఖర్చగును. అయితే గేరుపెట్టె ఒక్కనాటిలో చెడునది కాదు. గేరు మార్చునప్పుడు గరగరమని శబ్దము వచ్చుట, గేరు రాడ్డును బలముగా లాగవలసివచ్చుట, క్లచ్చి వదలగానే బండి ముందుకు దూకుట, ఇవన్నియు ముందుగా కనబడు లక్షణములు. వీనిని చూచియు చూడనట్లు నడిపినచో గేరు పళ్ళ అంచులు అరిగి, ముక్కలు రాలి, ఆ ముక్కలు మిగిలిన గేర్లను కూడ పాడుచేయును. అప్పుడు ట్రాక్టరును రెండుగా విడదీయక తప్పదు. మొదటి లక్షణము కనబడిననాడే చూచుకొన్నచో చాలా సందర్భములలో రెండు పానాలతో, ఒక స్కేలుతో ఇంటివద్దనే పని తీరును.

క్లచ్చి పనిచేయు విధమును ముందుగా తెలిసికొనవలెను. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము కలదు. దానికి ఆనుకొని క్లచ్చి ప్లేటు, దానిని స్ప్రింగుల బలముతో అదిమిపట్టు ప్రెషరు ప్లేటు ఉండును. మీరు పెడలు త్రొక్కగానే రిలీజు బేరింగు ముందుకు జరిగి ఫింగర్లు అను చిన్న మీటలను నొక్కును. ప్రెషరు ప్లేటు వెనుకకు జరిగి, క్లచ్చి ప్లేటు వదులగును. ఇంజను తిరుగుచున్నను గేరుపెట్టెకు శక్తి అందదు. గేర్లు సులువుగా పడుట అప్పుడే. ప్లేటు పూర్తిగా వదలనిచో లోపలి షాఫ్టు తిరుగుచునే ఉండి, పళ్ళు ఒకదానినొకటి కొట్టుకొనును.

తప్పు క్లచ్చిదో, తొందర డ్రైవరుదో మొదట తేల్చుకొనవలెను. ట్రాక్టరును చదునైన ఖాళీస్థలములో నిలిపి, ముందు వెనుకల ఎవరును లేకుండ చూచి, బ్రేకు వేసి, ఇంజనును స్లోలో ఉంచండి. పెడలు చివరి వరకు త్రొక్కి, మనసులో ఐదు లెక్కించి, అప్పుడు గేరు వేయండి. శబ్దము లేకుండ పడినచో క్లచ్చి బాగుగనే యున్నది. త్రొక్కిన తరువాత షాఫ్టు నిలుచుటకు కొద్ది క్షణములు పట్టును, ఆ వ్యవధి ఇవ్వకపోవుటయే గరగరకు కారణము. స్లో మరీ ఎక్కువగా ఉన్నను ఇట్లే జరుగును. ఐదు లెక్కించినను గరగర ఆగనిచో క్లచ్చి విడివడుట లేదని గ్రహింపవలెను.

పాత ట్రాక్టర్లలో గేర్లు షాఫ్టుపై జరిగి ఒకదానిలో నొకటి కూర్చొనును. అట్టి బండిని పూర్తిగా నిలిపియే గేరు మార్చవలెను. సింక్రోమెష్ ఉన్న కొత్త ట్రాక్టర్లను నడుచుచుండగనే మార్చవచ్చును. కొత్తబండిపై అలవాటుపడిన డ్రైవరు పాతబండి ఎక్కినప్పుడు దీనిని చెప్పియే తాళము ఇవ్వండి.

ఇక పెడలు ఆట సంగతి. పెడలును చేతితో నెమ్మదిగా నొక్కినప్పుడు మొదట కొంతదూరము తేలికగా దిగి, ఆ పిమ్మట గట్టిగా తగులును. ఆ తేలిక దూరమే ఆట. చాలా ట్రాక్టర్లలో ఇది 20 నుండి 40 మిల్లీమీటర్ల మధ్య ఉండును. మీ బండికి ఎంత ఉండవలెనో దానితో వచ్చిన పుస్తకములో చూడండి, ప్రక్కవాని బండి లెక్క పనికిరాదు. ఆట ఎక్కువైనచో మీరు త్రొక్కిన త్రొక్కుడులో కొంత వృథాపోయి ప్లేటు పూర్తిగా వదలదు, గేరు గరగరలాడును. ఆట బొత్తిగా లేనిచో బేరింగు ఎల్లప్పుడును ఫింగర్లకు రాచుకొని కాలిపోవును, ప్లేటు జారి లైనింగు మాడును. ఇంజను అరచుచున్నను బండి కదలకపోవుట, కాలిన వాసన, దీని గుర్తులు.

సర్దుబాటుకు ముందు ఇంజను ఆపి, తాళము తీసి జేబులో వేసికొనండి. గేరు న్యూట్రలులో నుంచి, బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు పెట్టండి. పెడలు ప్రక్కన స్కేలు నిలిపి, తేలికగా దిగిన దూరమును కొలవండి. పెడలును లోపలి మీటకు కలుపు కడ్డీ చివర ఒక కొక్కెము, దానిని బిగించు లాకునట్టు ఉండును. లాకునట్టు వదులుచేసి, పిన్ను తీసి, కొక్కెమును ఒకటి రెండు చుట్లు త్రిప్పి, పిన్ను పెట్టి మరల కొలవండి. ఎటు త్రిప్పిన ఆట పెరుగునో బండిని బట్టి మారును, కాబట్టి కొలతయే ప్రమాణము. సరిపోయిన పిమ్మట లాకునట్టు బిగించి, పిన్నుకు కొత్త స్ప్లిట్టు పిన్ను వేయవలెను. పాత పిన్ను స్థానములో వంచిన మేకు పెట్టుట పలుచోట్ల చూచుచున్నాము. ఆ మేకు దమ్ములో జారిపోయినచో పెడలు పనిచేయక బండి ఆగదు.

లైనింగు అరుగుకొలది ఆట తానై తగ్గును. కొత్త ప్లేటు వేసిన తరువాత పాత సర్దుబాటు చెల్లదు. కావున ప్లేటు మార్చిన ప్రతిసారి, దమ్ము దినములలో వారమునకు ఒకమారు కొలచుకొనవలెను.

ఆట సరిగా ఉన్నను గరగర తగ్గనిచో లోపము లోపలనే యున్నది. ఫింగర్ల ఎత్తులు సమముగా లేకపోవచ్చును, ప్లేటు వంగియుండవచ్చును, కడ్డీల పిన్నులు అరిగియుండవచ్చును. క్లచ్చి వదలునప్పుడు బండి వణకుచు కదలుట లైనింగుకు నూనె అంటుటవలన గాని, ఫింగర్ల హెచ్చుతగ్గులవలన గాని కలుగును. ఇది గేజితో కొలచి సరిచేయు మెకానిక్కు పని. చౌకగా వచ్చునని మరొక బండి ప్లేటునో, మరీ గట్టి స్ప్రింగులనో అమర్చుట నాకు సమ్మతము కాదు. పెడలు బరువెక్కును, క్లచ్చి ఒక్కసారిగా పట్టుకొని గేర్లపై దెబ్బపడును. లైనింగు రివెట్ల తలల వరకు అరిగినచో అవి ఫ్లైవీలును గీరివేయును, అప్పటి ఖర్చు మూడింతలు.

డ్రైవరు పాదము పెడలుపై ఆనించి నడుపుట సర్వసాధారణమైన దురలవాటు. బురదలో బండి దిగబడినప్పుడు సగము క్లచ్చితో లాగుటయు అట్టిదే. క్రింది గేరులోకి మారవలెనే గాని క్లచ్చిని జార్చరాదు. రెండు మెట్ల క్లచ్చి ఉన్న బండ్లలో సగము త్రొక్కినచో చక్రములకు, పూర్తిగా త్రొక్కినచో పి.టి.ఓ. షాఫ్టుకు కూడ శక్తి ఆగును. రోటవేటరు తిరుగుచుండగా గేరు మార్చువారు ఈ భేదమును ఎరిగియుండవలెను.

దమ్ములో నీటి బెడద వేరు. కొన్ని ట్రాక్టర్లలో క్లచ్చి గూడు అడుగున చిన్న రంధ్రము కలదు. లోపల చేరిన నూనె, నీరు దాని గుండా కారిపోవును. దమ్ముకు దిగునప్పుడు పుస్తకములో చెప్పినట్లు దానికి బిరడా బిగించి, పని ముగియగానే తీసివేయవలెను. తీసినప్పుడు నూనె కారినచో లోపలి సీలు పోయినదని అర్థము. గేరుపెట్టె కొలపుల్లను కూడ తీసి చూడండి. నూనె పాలవలె తెల్లబడియున్నచో నీరు కలిసినది. దానిని పూర్తిగా దింపి కొత్తది పోయవలెను. పలు ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్సుకు ఒకే నూనె వాడుదురు గనుక, అంగడిలో దొరికిన చిక్కని గేరు నూనె పోసినచో లిఫ్టు పాడగును.

ప్రాణములకు సంబంధించిన సంగతి యొకటి కలదు. బరువైన ట్రక్కుతో ఏటవాలు దిగునప్పుడు డీజిలు ఆదాకై క్లచ్చి త్రొక్కియో, న్యూట్రలు వేసియో బండిని జారనిచ్చువారు కలరు. ట్రక్కు వెనుకనుండి నెట్టగా వేగము పెరుగును. జరుగు గేర్లున్న బండిలో ఆ వేగమున మరల గేరు పడదు, గరగర మాత్రమే వినబడును. మిగిలినది బ్రేకు ఒక్కటే, అదియు ట్రక్కు బరువును ఆపజాలదు. కాలువ గట్టు గాని, ఘాటు గాని, దిగుటకు ముందే క్రింది గేరు వేసి, రెండు బ్రేకు పెడళ్ళకు కొక్కెము తగిలించి, గేరులోనే దిగవలెను. ట్రక్కులో కూలీలను ఎక్కించుకొనరాదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థలో ట్రాక్టరు నడుపుట, సంరక్షణ నేర్పుదురు. ఊరిలో యువకులను పంపదలచినవారు మండల వ్యవసాయాధికారిని సంప్రదింపవచ్చును.

పనులు లేని నెలలలో ట్రాక్టరు కదలక నిలిచినచో తేమవలన క్లచ్చి ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అంటుకొనును. షెడ్డులో పెట్టునప్పుడు పెడలును పూర్తిగా నొక్కి కర్రముక్క బిగించి ఉంచండి. మరల బండి తీయునాడు ఆ కర్రముక్కను తీసి, పెడలు ఆటను కొలిచిన పిమ్మటనే ఇంజను వేయవలెను.