ఉష్ణం ఎక్కడ నిలిచిపోయింది? : కారు శీతలీకరణ వ్యవస్థలో లోపాన్వేషణ

భారతదేశంలో వేసవి అన్ని ప్రాంతాలలోను ఒకే విధంగా ఉండదు. విదర్భలోను, పల్నాటి రెంటచింతలలోను ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు ఉన్నాయి. ముంబయి, చెన్నై, విశాఖపట్నం వంటి తీర నగరాలలో ఎండ తీవ్రత అంతకంటె తక్కువైనా, గాలిలోని తేమ మనిషిని క్రుంగదీస్తుంది. ఉత్తరాదిని శీతాకాలపు పొగమంచు కమ్మినప్పుడు, కారు ముందు అద్దం లోపలి వైపు పట్టే ఆవిరిని తొలగించడానికి సైతం శీతలీకరణ యంత్రం తోడ్పడుతుంది.

1939లో అమెరికాలో పాకర్డ్ సంస్థ తన కార్లలో ఈ యంత్రాన్ని అమర్చినప్పుడు అది సంపన్నుల విలాస వస్తువు. నేడు అది టాక్సీ నడిపేవారి జీవనోపాధిలో భాగమైనది. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే, 3.5 టన్నులకు మించిన సరుకు రవాణా వాహనాల డ్రైవరు క్యాబిన్లలో శీతలీకరణ వ్యవస్థ తప్పనిసరిగా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నిబంధన చేసింది. కనుక ఈ యంత్రంలోని లోపాన్ని సక్రమంగా గుర్తించడం లక్షలాది శ్రామికుల ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

చల్లదనం తగ్గిన వెంటనే సాధారణంగా వినవచ్చే మాట ఒకటున్నది: "గ్యాస్ అయిపోయింది, నింపించండి." అనేక చిక్కులకు ఈ మాటే మూలం.

గ్యాస్ ఇంధనం కాదు

పెట్రోలు మండి ఖర్చవుతుంది. శీతలీకరణ గ్యాస్ అలా ఖర్చు కాదు. మూసివున్న గొట్టాలలో అదే గ్యాస్ మరల మరల తిరుగుతూ ఉంటుంది. చిన్న కారులో దాని పరిమాణం సుమారు అర కిలో మాత్రమే. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ ఇరుసు వద్ద ఉండే సీలు గుండా ఏండ్ల తరబడి స్వల్పంగా తగ్గవచ్చు. కాని ఒక్క వేసవిలోనే చల్లదనం పూర్తిగా పోయి, దానికి కారణం గ్యాస్ తగ్గడమేనని తేలితే, అది ఎక్కడో రంధ్రం గుండా బయటికి పోయినదని అర్థం.

ఈ యంత్రం చల్లదనాన్ని సృష్టించదు. కారు లోపలి ఉష్ణాన్ని గ్రహించి బయటికి మోసుకొనిపోతుంది. ఆ ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నాయి. డాష్‌బోర్డు వెనుక ఉండే ఎవాపరేటర్‌లో శీతలక ద్రవం ఆవిరి అవుతూ లోపలి గాలిలోని ఉష్ణాన్ని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమి, దాని పీడనాన్ని, ఉష్ణోగ్రతను పెంచుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో అది తన ఉష్ణాన్ని బయటి గాలికి అప్పగించి తిరిగి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నని ద్వారం గుండా పోయినప్పుడు దాని పీడనం తగ్గి, అది మరల చల్లబడుతుంది. లోపాన్వేషణ అనగా ఉష్ణం ఈ మార్గంలో ఎక్కడ నిలిచిపోయినదో కనుగొనడమే.

పనిముట్లు పట్టకముందు

కన్ను, చెవి, చేయి మొదటి పనిముట్లు. ముందుగా ఎదురయ్యే ప్రశ్న: వచ్చే గాలి తక్కువగా ఉన్నదా, లేక గాలి బాగానే వస్తూ వెచ్చగా ఉన్నదా?

గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తున్నట్లయితే, దుమ్ముతో పూడిపోయిన క్యాబిన్ ఫిల్టరును, గాలిని నెట్టే బ్లోయర్‌ను పరీక్షించాలి. మొదట బాగా చల్లబడి, అరగంట తరువాత గాలి సన్నగిల్లి, కొంతసేపు ఆపివేస్తే మరల సర్దుకొంటున్నదా? అప్పుడు ఎవాపరేటర్ మీద మంచు గడ్డకట్టుతున్నదని అనుమానించాలి. మంచు కట్టకముందే కంప్రెసర్‌ను ఆపవలసిన ఉష్ణోగ్రతా సూచికలో లోపం ఉండవచ్చు.

గాలి బాగా వస్తూ వెచ్చగా ఉన్నప్పుడు కంప్రెసర్ తిరుగుతున్నదో లేదో చూడాలి. క్లచ్ ఉన్న కంప్రెసర్ అయితే, మీట నొక్కగానే 'టక్' అనే శబ్దం వినిపించి, దాని ముందు పళ్ళెం బెల్టు చక్రంతో పాటు తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ తీగచుట్ట, పీడన స్విచ్చి వరుసగా పరీక్షింపదగినవి. గ్యాస్ బాగా తగ్గినప్పుడు కంప్రెసర్‌ను కాపాడడానికి పీడన స్విచ్చి దానిని తిరగనీయదు. హిమాలయ ప్రాంతపు తీవ్రమైన చలిలో కంప్రెసర్ తిరగకపోవడం సైతం లోపం కాకపోవచ్చు. ఆ చలికి శీతలకం పీడనం పడిపోవడమే అందుకు కారణం.

తీర ప్రాంతంలో కారు క్రింద నీటి చుక్కలు రాలితే కలవరపడనక్కరలేదు. అది గాలిలోని తేమయే. ఆ నీరు బయటికి పోక కాళ్ళ దగ్గర చేరితే మాత్రం నీటి గొట్టం పూడినదని తెలుసుకోవాలి. సముద్రపు ఉప్పుగాలి కండెన్సర్‌ను తినివేస్తుంది. రాజస్థాన్ ధూళి దాని రెక్కల మధ్య పేరుకొంటుంది. ఒకే రకపు కారు అయినా, రత్నగిరిలో వెదకవలసిన లోపం వేరు, జైసల్మేరులో వెదకవలసినది వేరు.

పీడన మాపకాల సాక్ష్యం

కంటికి దొరకని దానిని పీడన మాపకాలు చెబుతాయి. అయితే వాటిని చదవడం తెలియాలి. ఆర్-134ఎ అనే శీతలకం వాడే కారులో ఇంజను చాలాసేపు ఆపి ఉంచితే రెండు మాపకాలు ఒకే అంకె చూపుతాయి. 30 డిగ్రీల వద్ద అది చదరపు అంగుళానికి సుమారు 95 పౌండ్లు. గొట్టాలలో కొంతైనా ద్రవం మిగిలి ఉన్నదని మాత్రమే ఈ అంకె తెలుపుతుంది. ఎంత మిగిలినదో చెప్పదు. దీనిని చూచి గ్యాస్ నిండుగా ఉన్నదని నిర్ణయించడం పొరపాటు.

కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు, సాధారణమైన ఎండలో తక్కువ పీడన భాగంలో సుమారు 30 నుండి 45 పౌండ్లు, ఎక్కువ పీడన భాగంలో సుమారు 200 నుండి 250 పౌండ్లు ఉంటుంది. ఎండ ముదిరినకొద్దీ ఈ అంకెలు పెరుగుతాయి. రెండూ తగ్గితే గ్యాస్ తక్కువైనదనుకోవాలి. రెండూ పెరిగితే కండెన్సర్ నుండి ఉష్ణం వెలువడడం లేదని గాని, గ్యాస్ అధికంగా నింపారని గాని భావించాలి. తక్కువ వైపు పెరిగి ఎక్కువ వైపు తగ్గితే కంప్రెసర్ బలహీనపడినదని అనుమానం. తక్కువ వైపు సున్నాకు చేరువైతే మార్గమధ్యంలో అడ్డంకి ఉండవచ్చు.

ఒక ఉదాహరణ

నాగపూర్ నుండి హైదరాబాదుకు వచ్చే టాక్సీ ఒకటి ఉన్నదనుకొందాం. రహదారిపై వేగంగా పోతున్నంతసేపు లోపల చల్లగానే ఉంటుంది. టోల్‌గేటు వద్ద, నగరంలోని కూడళ్ళ వద్ద ఆగగానే వెచ్చని గాలి వస్తుంది. ఈ ఒక్క లక్షణమే సగం జవాబు చెబుతున్నది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. బండి ఆగినప్పుడు ఆ బాధ్యత కండెన్సర్ ఫ్యానుది. కనుక మొదట పరీక్షింపవలసినది ఫ్యాను, దాని రిలే, దాని తీగలు.

ఈ పరీక్ష చేయక గ్యాస్ నింపితే ఏమగును? అప్పటికే అధికంగా ఉన్న పీడనం మరింత పెరుగుతుంది. కంప్రెసర్ వేడెక్కి, చివరకు చెడిపోతుంది. కొద్ది వందల రూపాయలతో పోయే రిలే లోపం వేల రూపాయల కంప్రెసర్‌ను బలిగొంటుంది. ఆ టాక్సీయే ఆధారమైన కుటుంబం అన్ని రోజుల సంపాదనను కూడ కోల్పోతుంది.

ఉష్ణోగ్రత తానే సరిచేసుకొనే కార్లు

కోరిన ఉష్ణోగ్రతను తానే నిలిపి ఉంచే వ్యవస్థలో మరికొన్ని భాగాలు చేరుతాయి. లోపలి గాలిని, బయటి గాలిని, ఎండను కొలిచే సెన్సార్లు సమాచారాన్ని అందిస్తాయి. చల్లని, వేడి గాలులను తగుపాళ్ళలో కలిపే చిన్న తలుపును ఒక మోటారు కదిలిస్తుంది. ఆ మోటారు పళ్ళు అరిగితే డాష్‌బోర్డు వెనుక 'టిక్ టిక్' మనే శబ్దం వినవచ్చును. పీడనాలు సక్రమంగా ఉండి కూడ ఒక వైపు చల్లని గాలి, మరొక వైపు వెచ్చని గాలి వస్తే, తప్పు ఈ తలుపుదే కావచ్చును. దానికి గ్యాస్ ఔషధం కాదు.

విద్యుత్తు కార్లలో కంప్రెసర్ ఎక్కువ వోల్టేజితో నడుస్తుంది. నారింజ రంగు తొడుగు గల ఆ తీగలను శిక్షణ పొందినవారు తప్ప ఇతరులు తాకరాదు.

లీకును మూసిన తరువాతనే గ్యాస్

గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడ గొట్టాలలో తిరుగుతుంది. అందువలన లీకు ఉన్నచోట తరచు జిడ్డు మరక కనిపిస్తుంది. నైట్రోజన్ వాయువును పీడనంతో నింపి సబ్బు నురుగుతో వెదకడం, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును వాడడం ఇతర మార్గాలు. లీకును మూసిన పిదప వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను తొలగించాలి. లోపల మిగిలిన తేమ వాల్వు వద్ద గడ్డకట్టి దారిని మూస్తుంది. క్రమంగా ఆమ్లాలను పుట్టించి లోహాన్ని తింటుంది. చివరగా, బానెట్ క్రింద అంటించిన చీటీలో సూచించిన బరువు ప్రకారం, త్రాసుతో తూచి శీతలకాన్ని నింపాలి. చౌక అని వంటగ్యాస్ వంటి మండే వాయువులను నింపడం ప్రాణాపాయం. ద్రవరూప శీతలకం చర్మాన్ని, కంటిని గడ్డకట్టించగలదు. కావున కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేనిదే గొట్టాలను విప్పరాదు.

లీకు నష్టం యజమానితోనే ఆగదు. పూర్వం కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరకు హాని చేసేది. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికలో భారతదేశం 1992లో చేరినది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు. కాని భూగోళాన్ని వేడెక్కించడంలో నూరేండ్ల కాలానికి లెక్కించినప్పుడు అది అంతే బరువుగల కార్బన్ డై ఆక్సైడ్ కంటె వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇట్టి వాయువుల వాడకాన్ని తగ్గించే 2016 నాటి కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించినది. 2019లో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, లక్షమంది సర్వీసు సాంకేతికులకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలనే లక్ష్యాన్ని పేర్కొన్నది.

అర కిలో గ్యాస్‌ను ప్రతి వేసవిలోను ఆకాశంలోకి వదలివేసి మరల నింపించుకొనే అలవాటు వలన కారులో క్షణకాలం చల్లదనం, వెలుపల దీర్ఘకాలపు తాపం మిగులుతాయి. రోగ నిర్ణయం జరగక ముందే మందు వేయని వైద్యుని వలె, లోపం తెలియక ముందే గ్యాస్ నింపని మెకానిక్కు తన ఖాతాదారుని ధనాన్ని, అందరూ పీల్చే గాలిని కూడ కాపాడుతున్నాడు. యజమాని కూడ గ్యాస్ ఎంత పట్టినదని అడిగే ముందు, అది ఎక్కడి నుండి పోయినదని అడగడం నేర్చుకోవాలి.