మోదుగు పూలు ఫోన్‌లో ముద్దగా ఎందుకు వస్తాయి? నల్లపాడు నుంచి ఒక వసంతం ట్రిప్, కొన్ని కెమెరా పాఠాలు

ఇన్‌స్టాగ్రామ్‌లో వసంతం అని వెతికితే కొండలకు కొండలు పసుపు పరుచుకున్న కాలిఫోర్నియా ఫొటోలు వస్తాయి. మనకు అలాంటి సీన్ లేదని చాలామంది ఫీలైపోతుంటారు. నిజమే, నల్లపాడు చుట్టుపక్కల నల్లరేగడి నేలలో ఫిబ్రవరి, మార్చిలో పూల మైదానాలు దొరకవు. పొలం ఖాళీగా ఉండదు కదా. మిర్చి కోతలు నడుస్తుంటాయి, పత్తి కట్టె పీకేస్తుంటారు. అడవి పూలు కావాలంటే దున్నని చోటికి పోవాలి. అంటే రాళ్ల గుట్టలు, చెరువు కట్టలు, రైలు పట్టాల పక్క, కొండవీడు కొండలు, ఇంకా దూరం పోతే నల్లమల. మన వసంతం నేల మీద కాదు, చెట్టు మీద ఉంటుంది. ఆకు రాల్చేసిన కొమ్మల మీద మోదుగు, బూరుగు, కొండగోగు విరగబూస్తాయి. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఫ్రేమ్ ఎలా పెట్టాలో సగం తెలిసిపోయినట్టే.

మిగతా సగం కెమెరా పని. అక్కడే నేను దెబ్బతిన్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు కొండవీడు దారిలో ఒక మోదుగు చెట్టు దొరికింది. ఒక్క ఆకు లేదు, నిండా పువ్వే. వందకు పైగా ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిస్తే పువ్వుల స్థానంలో నారింజ రంగు పెయింట్ ఒలికినట్టుంది. రేకులు లేవు, గీతలు లేవు. చిలుక ముక్కులా వంగిన ఆ ఆకారం వల్లే సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారంటారు. నా ఫొటోల్లో చిలుకా లేదు, ముక్కూ లేదు. ఫోకస్ తప్పిందేమో అనుకున్నాను. పక్కనే ఉన్న కొమ్మ బెరడు మాత్రం సూది మొనంత క్లియర్‌గా ఉంది. అంటే లెన్స్ తప్పు కాదు.

అసలు జరిగింది ఇది. మామూలు కలర్ సెన్సర్‌లో సగం పిక్సెళ్లు పచ్చ రంగుకి, పావు ఎరుపుకి, పావు నీలానికి. మోదుగు నుంచి వచ్చే వెలుగులో ఎరుపే ఎక్కువ, నీలం దాదాపు లేనట్టే. చాలాసార్లు సెన్సర్ దగ్గర ఎరుపు నిండిపోదు కూడా. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ వైట్ బ్యాలెన్స్ కోసం ఎరుపుని పెంచుతుంది. "ఇది పువ్వు" అని ఏఐ గుర్తుపట్టి సాచురేషన్ ఇంకొంచెం ఎక్కిస్తుంది. చివరికి జేపెగ్‌లో ఒక్కో రంగుకి 0 నుంచి 255 వరకే చోటు. రేకు మడతలో 230 ఉండాల్సింది, అంచున 250 ఉండాల్సింది, అన్నీ వెళ్లి 255 గోడకి కొట్టుకుంటాయి. తేడా పోతే రేకు పోయినట్టే. ఫోన్‌లో కనిపించే హిస్టోగ్రామ్ చాలావరకు మొత్తం వెలుగునే చూపిస్తుంది కాబట్టి అక్కడ అంతా బాగున్నట్టే ఉంటుంది. లైట్‌రూమ్ మొబైల్ యాప్‌లో తెరిస్తే మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. ఎరుపు గీత ఒక్కటే కుడి గోడకి అతుక్కుని ఉంటుంది.

మందు సులువే. పువ్వు మీద ట్యాప్ చేసి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, స్లైడర్‌ని కిందికి లాగండి. ప్రో మోడ్‌లో అయితే -0.7 ఈవీ నుంచి -1 దాకా. ఫొటో తీశాక మొత్తం చూసి మురిసిపోకుండా ఒక్క పువ్వు మీద జూమ్ చేయండి. రేకు మీద సన్న గీతలు కనిపిస్తే పాస్. ఫోన్‌లో రా ఫైల్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, ఆ రంగు అక్కడ చాలావరకు భద్రంగా ఉంటుంది. తర్వాత ఎడిటింగ్‌లో నారింజ, ఎరుపు స్లైడర్ల సాచురేషన్ కాస్త తగ్గించండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ, రంగు తగ్గిస్తేనే పువ్వు బయటికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చెట్టు వెనక ఏముంది అన్నదాన్ని బట్టి ఫోన్ రెండు వేర్వేరు తప్పులు చేస్తుంది. వెనక తెల్లటి ఆకాశం ఉంటే, అమ్మో వెలుగెక్కువ అనుకుని ఫ్రేమంతా చీకటి చేస్తుంది. పువ్వులు మసిబొగ్గులా కనిపిస్తాయి. అప్పుడు స్లైడర్ పైకి లాగాలి. వెనక నల్లటి కొండ ఉంటే ఉల్టా. చీకటిగా ఉందని అంతా పెంచేసి ఎరుపుని పేల్చేస్తుంది. నా మొదటి ట్రిప్‌లో జరిగింది రెండోది. నా ఓటు కొండ బ్యాక్‌గ్రౌండ్‌కే. -1 పెట్టి తీస్తే నల్ల కొండ మీద నిప్పు రాజుకున్నట్టుంటుంది. మోదుగు పువ్వు తొడిమ దగ్గర నల్లటి మఖ్మల్ లాంటి గిన్నె ఉంటుంది, అది కూడా కనిపించిందంటే మీ ఎక్స్‌పోజర్ సరిపోయినట్టే.

స్క్రీన్ గోల కూడా చెప్పాలి. ఈ నారింజలో కొంత భాగం పాత ఎస్ఆర్‌జీబీ రంగుల పెట్టెలో పట్టదు. ఐఫోన్‌లు 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి పీ3 అనే పెద్ద పెట్టెలో ఫొటో తీస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నిట్లో ఉంది, సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఫ్రెండ్ పాత మానిటర్‌లో చూసి "ఇదేంట్రా ఇంత డల్‌గా ఉంది" అంటే కెమెరాని తిట్టుకోకండి.

కొండగోగు సంగతి వేరు. పెద్ద పెద్ద పసుపు పువ్వులు, రాళ్ల మధ్య ఆకుల్లేని కొమ్మ చివర. పసుపులో ఎరుపుతో పాటు పచ్చ ఛానల్ కూడా నిండుతుంది కాబట్టి హిస్టోగ్రామ్ అబద్ధం తక్కువ చెప్తుంది. అయితే కొమ్మ సన్నం, గాలికి ఊగుతుంది. ఇప్పటి ఫోన్లు ఒక్క ఫొటో కోసం వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేస్తాయి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య పువ్వు కదిలితే రేకు అంచు రెండుగా కనిపిస్తుంది. ప్రో మోడ్‌లో షట్టర్ 1/500 సెకను దగ్గర పెట్టండి. అంతకంటే మంచి మందు పొద్దున్నే పోవడం. మార్చి మొదట్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దగ్గర్లో. నా అనుభవంలో ఎనిమిదింటి వరకు గాలి పెద్దగా ఉండదు.

పువ్వు దగ్గరగా, వెనక కొండవీడు కోట గోడ, రెండూ క్లియర్‌గా కావాలా? చాలామంది మెయిన్ కెమెరానే వాడతారు. సెన్సర్ పెద్దదైన కొద్దీ దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేస్తే వెనకది మసకబారుతుంది. మెయిన్ కెమెరాతో అడుగు దూరంలో పువ్వు పెడితే కోట పోయినట్టే. అల్ట్రావైడ్ లెన్స్‌కి మారండి. చిన్న సెన్సర్ కాబట్టి అడుగు దూరం నుంచి అనంతం దాకా దాదాపు అన్నీ పట్టేస్తుంది. రివ్యూల్లో మేమే చిన్న సెన్సర్ అని తిడుతుంటాం, ఇక్కడ అదే పనికొచ్చింది. ఆ కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల రాజధాని, 1515లో శ్రీకృష్ణదేవరాయల చేతికి పోయింది. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది, పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. గోడలెక్కి సెల్ఫీలు మాత్రం వద్దు, రాళ్లు కదులుతున్నాయి.

దిగేటప్పుడు దారి పక్కన మిర్చి కల్లం. ఎకరం నేలంతా ఎర్రటి కాయలు ఆరబోసి ఉన్నాయి. అడవి పువ్వు కాదు, ఒప్పుకుంటా. కానీ మార్చిలో ఈ నేల పూసే రంగు అదే. ఫోన్ తీసి లోపలికి అడుగేయబోతుంటే కల్లం దగ్గరున్న పెద్దావిడ కేకేసింది.

"తొక్కమాక నాయనా, కాయ చిట్లుద్ది."

"లేదు పెద్దమ్మా, ఇక్కడే నిలబడి తీసుకుంటా."

"తీసుకో. ఎండ దిగిందంటే పట్టా కప్పేస్తాం, మంచు పడితే రంగు పోద్ది."

ఆవిడకి రంగు అంటే రేటు. నాకు రంగు అంటే ఎరుపు ఛానల్. సరిగ్గా అదే పాఠం ఇక్కడా వర్తిస్తుంది. మెడ ఎత్తున ఫోన్ పట్టుకుని తీస్తే ఎర్రటి దుప్పటి తప్ప ఏమీ రాదు. గట్టు మీద కూర్చుని, ఫోన్ నేలకి జానెడు ఎత్తులో పెట్టి, ఎండకి ఎదురుగా తీయండి. ఒక్కో కాయ అంచు మీద వెలుగు గీత పడుతుంది, నీడ వల్ల కాయకీ కాయకీ తేడా తెలుస్తుంది. ఘాటుకి దగ్గొస్తే ఫోన్ కదులుతుంది, ఊపిరి బిగబట్టి నొక్కండి!

తొక్కడం గురించి ఒక మాట. 2019లో కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ దగ్గర వాకర్ కాన్యన్‌లో నారింజ రంగు పాపీలు విరగబూస్తే, జనం ఫొటోల కోసం ఎగబడి పూలలోకి దిగారు. 2023లో మళ్లీ పూసినప్పుడు అక్కడి అధికారులు కాన్యన్‌నే మూసేశారు. మన చెట్టు మీది పువ్వుని తొక్కలేం కానీ, కొమ్మ విరిచి చేతిలో పట్టుకుని రీల్ తీసేవాళ్లని నేను చూశాను. రాలిన పువ్వులే చెట్టు కింద బోలెడుంటాయి, వాటితో కానివ్వండి.

టైముంటే నల్లపాడు నుంచి నంద్యాల లైన్‌లో పగటి రైలెక్కండి. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, కంభం దాటి గిద్దలూరు తర్వాత రైలు నల్లమలలోకి దూరుతుంది. దిగువమెట్ట, చెలమ దగ్గర పట్టాలు అడవి మధ్యలోంచే పోతాయి. నడిచి లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, కిటికీకి అక్కర్లేదు. నంద్యాల వైపు పోయేటప్పుడు కుడి పక్క కూర్చోండి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు చెట్ల మీద వెలుగు ఎదురుగా పడుతుంది. షట్టర్ 1/1000 కన్నా తగ్గనివ్వకండి. దగ్గరి స్తంభాలు ఒంగిపోయినట్టు వస్తే కంగారు పడకండి. ఫోన్ సెన్సర్ పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది, ఆలోపు రైలు కదిలిపోతుంది. షట్టర్ ఎంత పెంచినా అది పోదు. దగ్గరివి వదిలేసి, టెలిఫొటోతో లోయ అవతలి మోదుగు చెట్లని పట్టండి. ఫోన్‌కి తాడు కట్టుకోండి, చెయ్యి కిటికీ లోపలే ఉంచండి.