పురపాలక దస్త్రములపై పౌరుని హక్కు

విరుదునగర్, తూత్తుకుడి జిల్లాలోని కోవిల్‌పట్టి — ఈ రెండు పట్టణముల పురపాలక సంఘములును శాసనబద్ధములగుటచేత, సమాచార హక్కు చట్టము సెక్షను 2(హెచ్) ననుసరించి ప్రభుత్వాధికార సంస్థలే. ఆ కేంద్ర చట్టము 2005 అక్టోబరు 12న అమలులోనికి వచ్చెను. అంతకు పూర్వమే, 1997లో, దేశమున ప్రప్రథమముగా ఇట్టి శాసనము చేసిన కీర్తి తమిళనాడుదే యని పరీక్షార్థులు మరువరాదు.

వీధికాలువ పనిని, దాని కొలతల పుస్తకమును, చెల్లించిన బిల్లును స్వయముగా పరిశీలించి నకళ్లు గైకొనుటకును, వాడిన సిమెంటు మచ్చును పొందుటకును సెక్షను 2(జె) సామాన్యునకు అధికారమిచ్చుచున్నది. ఏల కావలెనో చెప్పనక్కరలేదు. సమాధానమునకు గడువు 30 దినములు, ప్రాణస్వేచ్ఛల విషయమున 48 గంటలు. గడువు మీరినచో సమాచారము ఉచితము. తొలి అప్పీలు 30 దినములలో పై యధికారికి, రెండవది 90 దినములలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. అకారణ జాప్యమునకు దినమునకు 250 చొప్పున, 25,000 రూపాయలకు మించని జరిమానా.

కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్‌లో జన్మించిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ కథలలో ప్రాణము పోసికొన్న తెలుగు కుటుంబములు ఆ నల్లరేగడి సీమలో నేటికిని గలవు. అయినను దరఖాస్తు ఇంగ్లీషున, హిందీలో, లేదా ప్రాంతీయ అధికారభాషయగు తమిళమున నుండవలెను. వ్రాయజాలనివాడు నోటిమాటగా అడిగినచో, దానిని లిఖితరూపమునకు దెచ్చుటలో తోడ్పడుట పౌర సమాచార అధికారి విధి. నిరక్షరాస్యునకు సయితము కార్యాలయ ద్వారము తెరచిన ఈ నిబంధన, సెక్షను 6(1)లోనిది, చట్టమంతటిలో మిక్కిలి మానవీయమైనదని నా దృఢవిశ్వాసము.