కోలారు గుహలో ఆఖరి కాపురం

కోలారు అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులకు తట్టేది బంగారం, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ కేజీఎఫ్ గనులు. పర్యావరణ విభాగంలో మాత్రం ఈ జిల్లా నుంచి అడగదగిన ప్రశ్న ఒక చిన్న గబ్బిలం గురించి.

దాని పేరు కోలార్ లీఫ్‌నోజ్డ్ బ్యాట్. శాస్త్రీయ నామం హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్. 1994లో కాక్, భట్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ముక్కు చుట్టూ ఆకుల్లా ముడతలు పడిన చర్మం ఉంటుంది. అది అందానికి కాదు. ఈ కుటుంబపు గబ్బిలాలు అతిధ్వనులను ముక్కు రంధ్రాల నుంచే వదులుతాయి. ఆ ధ్వనిని ఒకవైపుకు మళ్లించేది ఈ ముడతలే. తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చీకట్లో పురుగు ఎక్కడుందో పసిగడతాయి.

ఒకప్పుడు తేరహళ్లిలోనూ కనిపించిన ఈ జాతి ఇప్పుడు హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక్క గుహకు పరిమితమైంది. సంఖ్య 200 లోపే. ఐయూసీఎన్ దీన్ని 2016లో 'తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న' జాతుల్లో చేర్చింది. ఆ తర్వాతి మెట్టు అడవిలో అంతరించడమే.

ముప్పు ఎవరి నుంచి? గ్రానైట్ క్వారీల నుంచి. కొండను పేల్చి రాయి తీస్తే గబ్బిలాలకు గూడే పోతుంది. గుహ చుట్టూ 30 ఎకరాలను కర్ణాటక ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది; అటవీ శాఖతో కలిసి బ్యాట్ కన్జర్వేషన్ ఇండియా ట్రస్ట్ పనిచేస్తోంది.

ఒక్క తికమక: బెళగావి జిల్లా బారాపెడె గుహల్లో ఉండేది రాటన్స్ ఫ్రీ టెయిల్డ్ బ్యాట్. అదీ కర్ణాటకదే, అదీ గుహవాసే. జతపరిచే ప్రశ్నల్లో ఈ రెండూ తారుమారయ్యే అవకాశం ఎక్కువ.