అడ్డుగాలిలో చిన్న విమానము

చెఱువుగట్టునుండి కొంగ యెగురునపుడు గాలికెదురుగా తిరిగి లేచును. విమానమును నట్లే లేవగోరును గాని, దానికి కొంగకున్న స్వేచ్ఛ లేదు. దాని బాట నేలపై నొకే దిక్కున పఱచియుండును; గాలియో, తన యిచ్చవచ్చిన దిక్కునుండి వీచును. బాటకు ప్రక్కనుండి వీచుదానిని అడ్డుగాలి యందురు. గంటకు 20 మైళ్ల గాలి బాటతో 30 డిగ్రీల కోణము చేసినచో, అందు సగము, అనగా 10 మైళ్లు, అడ్డముగా పనిచేయును. త్రికోణమితి చదువుచున్న పైతరగతులవారు దీనిని తామే లెక్కించి చూడవచ్చును.

అడ్డుగాలి తోకపై నిలువుగా నున్న పలకను నెట్టగా విమానపు ముక్కు గాలివైపు తిరుగును. గాలివైపు ఱెక్క పైకి లేవజూచును. చోదకుడు కాలితో చుక్కానిని త్రొక్కి ముక్కును సరిచేయును. ఱెక్క చివరనున్న కదలుపలకలను త్రిప్పి లేచుచున్న ఱెక్కను అణచును. నిలకడగల గాలికి ఈ యుపాయము చాలును.

చిక్కంతయు విసురుగాలితోనే. ఱెక్కలను పైకెత్తు బలము వేగముయొక్క వర్గము ననుసరించి మాఱును. వేగము పదవవంతు తగ్గినయెడల బలము ఇంచుమించు అయిదవవంతు తగ్గును! విసురు వచ్చి, తగిన వేగము కలుగకమునుపే చక్రములు నేల విడుచుననుకొనుడు; మఱుక్షణమున నది యణగిపోవును. విమానము క్రుంగును. చోదకుడు తొట్రుపడి ముక్కును ఇంకను పైకెత్తునేని కీడు హెచ్చును. ఱెక్క తనకెదురగు గాలితో సుమారు 15 డిగ్రీలు మించిన కోణము చేయగానే, పైతలముమీది గాలి ఱెక్కనంటి పాఱక విడిపోవును, ఎత్తుబలము కూలును. తఱచుగా ఒక ఱెక్క ముందు వ్రాలును. ఎత్తున నున్నచో ముక్కు దించి తేఱుకొనవచ్చును. నేలకు చేరువలో అందులకు చోటేది?

1996 ఏప్రిల్ 11వ తేది ఉదయమున అమెరికాలోని షయెన్ పట్టణమున ఇట్టిదే జరిగెను. ఏడేండ్ల బాలిక, ఆమె తండ్రి, శిక్షకుడు ఒక సెస్నా 177బి విమానములో దేశము నడ్డముగా దాటబూనిరి. ఆ విమానాశ్రయము సముద్రమట్టమునకు 6,000 అడుగులకుపైగా ఎత్తున నున్నది. అచటి పలుచని గాలిలో యంత్రము బలము తగ్గును. బరువు పరిమితికి 96 పౌనులు మించియుండెను. ఉఱుములతో గాలివాన సమీపించుచుండెను. లేచిన కొలదిసేపటికే విమానము కూలి మువ్వురును మరణించిరి. అడ్డుతనముకంటె విసురులును వేగలోపమునే యిచట ముఖ్యములు. పరిశోధకులు శిక్షకుని నిర్ణయమును తప్పుపట్టి, తొందరపు కార్యక్రమమును, పత్రికలవారి కిచ్చిన మాటలును అందులకు తోడ్పడెనని వ్రాసిరి. ఆ యేటి అక్టోబరులోనే, అనుమతిపత్రము లేనివారు ఘనకార్యముల పేర విమానము నడుపరాదని అచట శాసనము చేయబడెను.