అద్దంలో మేనత్త

నోయిడా,
కార్తీక పౌర్ణమి మర్నాడు

చిరంజీవికి,

ఆదివారం నువ్వు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ ఈ ఉత్తరం మనసులో రాస్తూనే ఉన్నాను. ఫోనులో చెప్పదగ్గ సంగతులు కావు, వాట్సాప్‌లో పెట్టదగ్గవి అసలే కావు. నీకు నువ్వు పెట్టుకున్న ఆ పేరు ఇందులో రాయను. కాగితం ఎవరి కంటయినా పడొచ్చు. చదివాక దాచుకుంటావో చింపేస్తావో నీ ఇష్టం.

"పద్దెనిమిదేళ్ల తర్వాత మళ్లీ చీర కట్టాను బాబాయ్. అద్దంలో చూస్తే మా మేనత్త నిలబడి ఉంది" అన్నావు. అనేసి కళ్లు తుడుచుకున్నావు. కాఫీ చల్లారిపోయింది, నువ్వు తాగలేదు. ఢిల్లీలో మునిర్కా అద్దెగదిలో ఉన్న రోజుల్లో సన్నని నడుముతో, భుజాల దాకా జుట్టుతో ఉండేవాడివి. అప్పుడు అద్దంలో కనిపించిన అమ్మాయి కోసం వెతికావు. ఆమె బదులు పొట్ట, బట్టతల, గడ్డం కింద వేలాడే కండ, చత్వారం కళ్లు కనిపించాయి. "ఇక మానేస్తాను, ఈ వయసులో ఇదేం రోత" అన్నావు. ఆ రోత అన్న మాటకే నాకు కష్టం కలిగింది. అప్పుడే ఏదో ఒకటి అనాల్సింది, మాట రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నీ వయసు నలభై ఏడు. నీలోని ఆవిడ వయసూ నలభై ఏడే. పద్దెనిమిదేళ్లు ఆమెను పెట్టెలో పెట్టి తాళం వేసినంత మాత్రాన ఆమె వయసు అక్కడే ఆగిపోదు. నీతోపాటే ఆమెకూ ఒళ్లు వచ్చింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మీ నాన్నగారి చెల్లెలు ఆ వయసులో ఎలా ఉండేదో నువ్వూ అలాగే ఉన్నావంటే, అద్దం నీకు అబద్ధం చెప్పలేదు. నువ్వు మీ ఇంటి ఆడవాళ్లలా ఉన్నావు. మొదటిసారి ఎవరి ఫొటోనో కాదు, మీ వంశం పోలికను చూసుకున్నావు. నేను మళ్లీ చీర కట్టినప్పుడు అద్దంలో నాకు మా అమ్మ కనిపించింది, యాభై ఒకటో ఏట. ఆ రోజు నేనూ ఏడ్చాను గానీ, అది వేరే ఏడుపు.

నా సంగతి నీకు సగమే తెలుసు. 1981లో ఉద్యోగానికి ఢిల్లీ వచ్చాను. పెళ్లి కుదిరాక రెండు చీరలు, జాకెట్లు, ఒక సవరం, గాజులు మూటకట్టి, ఐటీఓ దగ్గర యమున వంతెన మీదికి పట్టుకెళ్లాను. పూజ సామాను నదిలో వదిలేవాళ్ల మధ్య నిలబడి నేనూ వదిలేశాను. ఒడ్డెక్కిన వాడిలా ఇంటికి వచ్చాను. ఆ నిశ్చింత ఎన్నాళ్లుందో చెప్పనా? ఆరు నెలలు కూడా లేదు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బింకంగా బతికాను. నువ్వూ నీ బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశానన్నావు కదా, మనలాంటి వాళ్లు దాదాపు అందరూ ఒకసారయినా చేసే పని ఇది. వదిలేయడం, మళ్లీ కొనుక్కోవడం, మళ్లీ వదిలేయడం. ఈసారి వదిలేయకు. డబ్బు దండగ అని కాదు, వదిలేసిన ప్రతిసారీ నిన్ను నువ్వు దొంగలా చూసుకుంటావు.

మా ఊరు తిరుపతి దగ్గర అని నీకు తెలుసు. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. పాలెగాడి కోసం గంగమ్మ వేషాలు మారుస్తూ వెతికిందని కథ. మొక్కుకున్న మగవాళ్లు ఆడవేషం కడతారు. మీసాలు తియ్యని వాళ్లు, బొజ్జలున్న వాళ్లు, ముసలివాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని గుడికి నడుస్తారు. మా నాన్న కూడా కట్టాడు. ఆ రోజు ఆయన పొట్ట గురించి ఎవరూ మాట్లాడలేదు. అమ్మే కుచ్చిళ్లు సర్దింది. మర్నాడు ఆయన మామూలుగా పనికి వెళ్లాడు. పిల్లవాడిగా నేను చూసిన మొదటి పాఠం అది: వేషానికి వయసు అడ్డం కాదు, ఒళ్లూ అడ్డం కాదు. ఆ పాఠం మరిచిపోవడానికి నాకు సినిమాలు బాగా తోడ్పడ్డాయి. చిత్రం భళారే విచిత్రం, మేడమ్, భామనే సత్యభామనే లాంటివి చూస్తూ హాలంతా నవ్వితే నేనూ నవ్వాను, లోపల కుంచించుకుపోయాను.

మన నాటకం మాత్రం నవ్వలేదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, మధురవాణిగా, రోషనారగా నటించి, ఆ ఆడవేషాలతోనే 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మ 1970లో పద్మశ్రీ అందుకున్నాడు, పెద్ద వయసులో కూడా భామ వేషం కట్టాడు. ఒంటి బిగువు తగ్గాక కూడా ఆ చూపులో, ఆ జడ తిప్పడంలో సత్యభామ ఉంది. మహారాష్ట్ర బాలగంధర్వ సంగతి ఇంకా దగ్గర. 1935లో ధర్మాత్మ సినిమాలో ఏకనాథుడిగా మగవేషం వేసి, మళ్లీ రంగం మీదికి వచ్చి ఆడవేషాలే కట్టాడు. అప్పటికి యాభైకి దగ్గరపడుతున్నాడు, ఒళ్లు పూర్వంలా లేదు. అయినా జనం వెళ్లింది ఆ గొంతు కోసం. వీళ్ల పేర్లు చెప్పి మన మీదికి వెలుగు తెచ్చుకోవాలని కాదు. వాళ్లది వృత్తి, మనది మన గదిలోని అవసరం. రెండూ ఒకటేనని ఎవరితోనూ వాదించకు. వాళ్లకు తెలిసిన పనితనం మాత్రం మనకు కావాలి. ఉన్న ఒంటికి తగ్గట్టు వేషం కట్టడం ఆ పనితనం.

అందుకని ఇక పనిలోకి వద్దాం.

పాత జాకెట్టు కొలత మరిచిపో. నువ్వు గుర్తుపెట్టుకున్న ఆ ముప్పై నాలుగు ఇప్పుడు ఎవరిదో. కొలతలు కొత్తగా తీయించుకో. మోచేతి దాకా చేతులు, మెడ కాస్త లోతుగా కోణంలా ఉంటే భుజాల వెడల్పు తగ్గినట్టుంటుంది. బుట్ట చేతులు వద్దే వద్దు. లోపలి లంగా పొట్ట మీద బిగించకు. బొడ్డు కిందికి దించి, నాడా బదులు వెడల్పు పట్టీ పెట్టించు. బిగుతు నడికట్లు చూపించావు, తీసి పక్కన పెట్టు. నీకు బీపీ ఉంది, తిన్నది పైకి తన్నుకొస్తుందని నువ్వే చెప్పావు, ఇంకా ఊపిరి ఆగేలా బిగిస్తే అది అందం కోసం కాదు, నిన్ను నువ్వు శిక్షించుకోవడం కోసం. గంజి పెట్టిన నూలు చీర నిన్ను ఇంకా వెడల్పు చేస్తుంది. మంగళగిరి నూలు నాలుగుసార్లు ఉతికి మెత్తబడ్డాక, సన్నంచు, ముదురు రంగు, అది కట్టి చూడు. ఉప్పాడ కూడా తేలిగ్గా ఒదుగుతుంది.

గడ్డం నెరుస్తోందని బాధపడ్డావు. తెల్లటి గడ్డానికి గీశాక మిగిలే నీలినీడ ఉండదు కదా, అది వయసు చేసిన మేలు. నల్లగా మిగిలిన చోట ముందు నారింజ రంగు కరెక్టర్ పల్చగా అద్ది, ఆపైన నీ రంగు క్రీము వెయ్యి. లేజర్ గురించి అడిగావు. రంగు ఉన్న వెంట్రుకనే లేజర్ పట్టుకుంటుంది, తెల్లదాన్ని పట్టదు. దాన్ని పూర్తిగా తీసేయాలంటే ఎలక్ట్రోలిసిస్ చేయించుకోవాలి. కాటుక పెట్టుకునేటప్పుడు చత్వారంతో చేయి తడబడిందన్నావు, పెద్దగా చూపించే అద్దం ఒకటి కొనుక్కో. విగ్గు తీసుకుంటే నిగనిగలాడే నల్లది వద్దు, అక్కడక్కడా నెరిసినది చూడు, అది నీ ముఖంతో పొత్తు కుదురుతుంది. ఆడ హార్మోను బిళ్లలు మందుల షాపులో అడిగి కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. నీ వయసులో, నీ బీపీతో, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అంత దూరం వెళ్లాలని నిజంగా అనిపిస్తే ఎండోక్రినాలజిస్టు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఎలా కట్టుకోవాలో తెలియకపోతే ఆదివారం ఆంధ్ర భవన్ క్యాంటీన్ ముందు వరసలో నిలబడ్డ మన ఆడవాళ్లను చూడు. తదేకంగా కాదు, మర్యాదగా. నలభై ఏడేళ్ల మన ఆడవాళ్లలో ఎందరికి సన్న నడుముంది? మెడలో వేలాడే కళ్లజోడు, చేతిరుమాలు, మడమలేని చెప్పులు, పైట చివర నడుంలో దోపుకోవడం. ఆ ఒళ్లు వాళ్లకు సహజం. నీకెందుకు తప్పు?

ఢిల్లీ చలికాలం మనకు వరం. డిసెంబరు, జనవరిల్లో పొడుగు చేతుల వెల్వెట్ జాకెట్టు, శాలువా, మేజోళ్లు ఎవరికీ వింతగా కనిపించవు. మే, జూన్ వేడికి ముఖం మీద వేసినదంతా కరిగి గొంతులోకి దిగుతుంది, ఆ రెండు నెలలూ ఇంట్లో నైటీతో సరిపెట్టుకో.

బయటికి వెళ్లాలన్న కోరిక వచ్చేదాకా ఆగు. రాకపోతే ఇంకా మంచిది, గది చాలు. వచ్చినా మీ అపార్టుమెంటు గేటు దగ్గర గార్డు రాసుకునే పేరూ, లిఫ్టులో కెమెరా, పనిమనిషి వచ్చే వేళా లెక్కలో పెట్టుకో. మెట్రోలో ఆడవాళ్ల పెట్టె 2010 నుంచీ ఉంది, చీర కట్టినంత మాత్రాన నువ్వు అందులోకి ఎక్కకు. భయం లేకుండా కూర్చోవడానికి వాళ్లకు దొరికిన చోటు అది. మా సెక్టార్ 50 స్టేషనుకు 2020లో ప్రైడ్ స్టేషన్ అని పేరు పెట్టి ట్రాన్స్‌జెండర్లను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. అక్కడ టికెట్టు కొన్న ప్రతిసారీ నాకు కొంచెం ధైర్యం వస్తుంది. ఢిల్లీ క్వీర్ ప్రైడ్ 2008లో మొదలైంది. తొలి ఏడాది చాలామంది ముఖాలకు మాస్కులు వేసుకుని నడిచారు. నేను ఫుట్‌పాత్ మీద ప్యాంటు చొక్కాలో నిలబడి చూశాను. అంతకుమించి నడవలేకపోయాను, నడిచినవాళ్లకు మనసులోనే మొక్కాను.

చట్టం సంగతి అడిగావు. చీర కట్టినందుకు నిన్ను ఎవరూ పట్టుకోలేరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, దుస్తుల ద్వారా తన జెండర్‌ను వ్యక్తం చేసుకోవడం భావప్రకటన హక్కులో భాగమేనంది. మన పక్క ఎంత ఆలస్యమైందో తెలుసా? నిజాం కాలంలో, అప్పటి ఫసలీ లెక్క ప్రకారం 1329లో, హిజ్రాల మీద చేసిన చట్టం ఆడబట్టలతో వీధిలో కనిపించినవాళ్లను వారంటు లేకుండా పట్టుకునే వీలిచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. వందేళ్లకు పైగా హిజ్రాలు ఆ భారం మోశారు. మనం తలుపులు వేసుకుని దాక్కున్నాం. వాళ్లను చూసి ముఖం తిప్పుకోకు. ఇంకో మాట, ఫోనులో పరిచయమైన ఎవరికీ ముఖం కనిపించే ఫొటో పంపకు. ఎవడైనా బెదిరించి డబ్బడిగితే ఒక్క రూపాయి ఇవ్వకు, సందేశాలు చెరపకు, పోలీసులకు ఫిర్యాదు చెయ్యి. ఒంటరిగా మాత్రం ఉండకు, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

ఇక అన్నిటికన్నా కష్టమైనది. నీ భార్యకు చెప్పాలి.

నేను చెప్పలేదు, ఆమెకు దొరికిపోయాను. ఇరవై ఏళ్లకు పైగా దాచానన్నదే మీ పిన్నికి గుచ్చుకుంది. చీర కాదు. నాలుగు నెలలు అవసరమైతే తప్ప మాట్లాడలేదు. ఇప్పటికీ ఆమెకు ఇది ఇష్టం లేదు, ఇష్టపడిందని నీకు అబద్ధం చెప్పలేను. ఆమె షరతులు మూడు: తన బట్టలు ముట్టుకోకూడదు, వియ్యాలవారు వచ్చినప్పుడు మాట ఎత్తకూడదు, ఇంకెప్పుడూ అబద్ధం ఆడకూడదు. మూడూ నిలబెట్టుకుంటున్నాను. అందుకే నువ్వు ముందే చెప్పు. పండగ రోజున కాదు, పాప పరీక్షల ముందు కాదు. చీరలో ఉండి కాదు, మామూలు బట్టల్లో కూర్చుని చెప్పు. ఆమె బట్టలు ఎప్పుడైనా వాడి ఉంటే అదీ చెప్పేసి క్షమాపణ అడుగు. చూడమని అడగొద్దు, మెచ్చుకోమని అసలే అడగొద్దు. ఆమె అడిగేవాటిలో సగానికి నీ దగ్గర జవాబు ఉండదు, తెలియదని చెప్పు. కోపం వస్తే రానీ. నువ్వు నలభై ఏళ్లు ఆలోచించిన విషయాన్ని ఆమె ఒక రాత్రిలో ఒప్పుకోవాలనుకోవడం అన్యాయం.

డిసెంబరు రెండో శనివారం ఖాళీ పెట్టుకో. బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో ఎంపోరియంలు చూసి, హనుమాన్ మందిర్ దగ్గర గాజులవాళ్ల దగ్గరికి వెళ్దాం. మునిర్కా రోజుల్లో నీకు 2-8 పట్టేవని చెప్పావు. ఇప్పుడు చెయ్యి దొడ్డయింది, బలవంతంగా ఎక్కించి చర్మం గీరుకుంటున్నావు, ఆదివారం ముంజేతి మీద ఎర్రటి గీత చూశాను. అక్కడి గాజులమ్మి చెయ్యి నొక్కి చూసే సైజు చెబుతుంది. ఎవరికని అడగదు, అడిగితే నాకని చెబుతాను. 2-10 పడుతుందో, 2-12 కావాలో చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి