మహమ్మారి కాలమున ఆన్‌లైన్ విద్య – పరిశోధనల తీరుతెన్నులు

గురువు, శిష్యుడు, గ్రంథము అను మూడును విద్యకు ఆధారములు. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వలన పాఠశాలలు మూతపడగా, ఈ మూడింటిని కలుపు భారము సెల్‌ఫోనుపై పడినది. నాటి నుండి ఆన్‌లైన్ విద్యను గూర్చి వెలువడిన పరిశోధనలను పరిశీలించినచో, వాటి దృష్టి మూడు మెట్లుగా సాగినట్లు కన్పట్టును.

మొదటి మెట్టు నిర్వచనము. 2020 మార్చి చివరనే అమెరికాలో హాడ్జెస్ మొదలగువారు, ముందుచూపుతో రూపొందించిన ఆన్‌లైన్ విద్య వేరనియు, ఆపత్కాలమున చేపట్టిన దూరబోధన వేరనియు వివరించిరి. ఈ భేదము తెలుగువారికి క్రొత్త కాదు. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినపుడు, దూరవిద్యకై ముద్రిత పాఠములును, అధ్యయన కేంద్రములును సిద్ధపరచిరి. 2020లో అట్టి వ్యవధి లేకపోయినది.

రెండవ మెట్టు అందుబాటు. బడిలో చేరిన పిల్లలున్న గ్రామీణ కుటుంబములలో స్మార్ట్‌ఫోను గలవి 2018లో 36.5 శాతము కాగా, 2020లో 61.8 శాతమని 'అసర్' సర్వే తెల్పినది. అయినను సర్వేకు ముందటి వారమున పాఠ్యసామగ్రి అందినది సుమారు మూడవ వంతు పిల్లలకే. ఇంట ఫోనుండుట వేరు, బిడ్డకు పాఠమందుట వేరు. 2021 ఆగస్టులో 15 రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలో పేద కుటుంబముల పిల్లలను గూర్చి జరిపిన మరియొక సర్వేలో, గ్రామములందు క్రమముగా ఆన్‌లైన్‌లో చదివినవారు 8 శాతమే.

మూడవ మెట్టు నష్టము, దాని పూరణము. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము 2021లో ప్రకటించిన అధ్యయనమున, 5 రాష్ట్రములకు చెందిన 16,067 మంది పిల్లలలో 92 శాతము మంది భాషలో కనీసము ఒక సామర్థ్యమును కోల్పోయిరి. నిరాశ పడనక్కరలేదు. తమిళనాడు గ్రామములలో బడులు తిరిగి తెరచిన ఆరు మాసములకే నష్టమున మూడింట రెండు వంతులు పూడినట్లు పరిశోధకులు గుర్తించిరి. బోట్స్వానాలో సామాన్యమైన ఫోను సంభాషణయు, చిన్న సందేశములును కలిసి పిల్లల గణితజ్ఞానమును పెంచినవి.

ఈ పరిశోధనలలో గమనింపదగిన లోపమొకటి కలదు. పెక్కు సర్వేలు ఫోను ద్వారానో, ఆన్‌లైన్ ప్రశ్నావళి ద్వారానో జరిగినవి. ఫోనులో అడిగిన ప్రశ్న ఫోను లేని ఇంటికి చేరదు. అందువలన ఎవరు మిక్కిలి నష్టపోయిరో వారే లెక్కకు రాకపోవు ప్రమాదమున్నది. 2015లో స్థాపితమైన తాడేపల్లిగూడెము ఎన్.ఐ.టి. విద్యార్థి అనుభవమును, కొల్లేటి లంక గ్రామమున చేపల వేటపై బ్రతుకు కుటుంబపు బిడ్డ అనుభవమును ఒకే సగటులో కలిపినచో, రెండవ బిడ్డ కనుమరుగగును. ఏలూరున ఇంట ఉర్దూ పలుకు బాలికకు పాఠము ఏ భాషలో అందినదను ప్రశ్నయు అట్టిదే. ఒక్క ఫోనునకు అన్నయు చెల్లెలును పోటీపడిన ఇంట అది ఎవరి చేతికి దక్కినదను ప్రశ్న అంతకన్న ముఖ్యము.

కావున విద్యార్థి మిత్రులారా! పరిశోధన యన్నది పెద్ద నగరముల సొత్తు కాదు. గడప వద్దకు పోయి, ఆ ఇంటి భాషలో, ఓర్పుతో అడిగి వ్రాసికొనుట మీకును సాధ్యమే. మన పరిసరములలో లెక్కకు రాని బిడ్డను లెక్కలోనికి తెచ్చుట, ఆ బిడ్డ చదువును నిలబెట్టుటకు తొలి మెట్టు.